రంగూనులో మిగిలిన పెట్టెలు

(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



యుద్ధనష్టమును గణించువారు చనిపోయినవారిని లెక్కింతురు. కూలిన వంతెనలను, మునిగిన ఓడలను, కాలిన మిల్లులను లెక్కింతురు. ఒక కాపురములోని ఇత్తడి బిందె, కూతురి పెండ్లికని కొని దాచిన చీర, మేస్త్రీవద్ద నిలిచిపోయిన మూడు నెలల జీతము ఏ లెక్కలోనికిని రావు. అయినను యుద్ధము ముగిసిన పిమ్మట ఇండ్లలో చాలకాలము చెప్పుకొనునది వీనిని గురించియే. తెలుగు కోస్తాలో ఈ మాట ఎత్తినచో ముందుగా తలపునకు వచ్చునది బర్మా. 1942లో అక్కడినుండి నడచివచ్చిన కుటుంబములు ఏమేమి పోగొట్టుకొన్నవి, పోయినవానిని ఎన్నడు, ఏ విధముగ విడిచిపెట్టగలిగినవి అనునదే నేటి ప్రసంగ విషయము.

బర్మాలో తెలుగువారిని ‘కోరంగీలు’ అని పిలిచెడివారు. గోదావరి ముఖద్వారమున నున్న కోరంగి రేవునుబట్టి వచ్చిన పేరది. 1839 నాటి తుపానులో ఆ రేవు పాడైపోయినను పేరుమాత్రము సముద్రము దాటి నిలిచినది. తరువాతి కాలమున కాకినాడ, విశాఖపట్నము, భీమునిపట్నము, కళింగపట్నము రేవులనుండి స్టీమరులమీద, డెక్కుపై కూర్చుండి, జనము రంగూనుకు పోయిరి. 1931 జనాభా లెక్కలలో బర్మాలోని భారతీయులు పది లక్షలకు మించియుండిరి. రంగూను నగరములో సగముకంటె ఎక్కువమంది వారే. తెలుగువారు బియ్యపు మిల్లులలోను, రేవులో బస్తాలు మోయుటయందును, రిక్షాలు లాగుటయందును, వీధులు శుభ్రపరచుటయందును ఉండిరి. వీరిని కూర్చుకొని పోయినవాడు మేస్త్రీ. ముందుగా అప్పిచ్చి ఓడ ఎక్కించువాడు వాడే. పని చూపి, జీతములో బాకీ పట్టుకొని, మిగిలినది తనవద్దనే ఉంచువాడును వాడే. కావున రంగూను కూలి ఆస్తి రెండు భాగములు: ఒకటి రేకు పెట్టెలో ఉండునది, మరియొకటి మేస్త్రీ లెక్కపుస్తకములో ఉండునది. రెండవదానికి కూలిచేతిలో చీటీయైన నుండుట అరుదు.

1941 డిసెంబరు 23వ తేదీన జపానువారి విమానములు రంగూనుపై బాంబులు వేసినవి. 25వ తేదీన మరల వేసినవి. ఎక్కువగా చచ్చినది రేవుప్రాంతములోను వీధులలోను ఉన్న బీదజనమే. మరునాటినుండియే వేలకొలది కూలీలు ప్రోము దారిని పట్టిరి. రేవు పని ఆగిపోవునని అధికారులు కొందరిని వెనుకకు మరల్చిరి. మరలినవారు రెండు నెలలలోపల మరల అదే దారిని నడువవలసివచ్చినది. 1942 మార్చి 8న రంగూను జపానువారి వశమైనది.

దారులు ముఖ్యముగ మూడు. ప్రోమునుండి అరకాను కొండలను దాటి తౌంగప్పునకు నూరు మైళ్లకు పైబడిన నడక. అక్కడినుండి పడవలలో అక్యాబు, తరువాత చిట్టగాంగు. రెండవది మాండలేమీదుగా చింద్విను నదిని దాటి, తాము, పాలేలు, ఇంఫాలు మీదుగా దిమాపూరు. మూడవది ఉత్తరమున హుకాంగు లోయగుండ అస్సాములోని లేడోకు. మే మాసమున వానలలో ఈ దారిని పట్టినవారి కష్టము వర్ణింప నలవికానిది. వెళ్లినవారు నాలుగు లక్షలకు తక్కువ కాదందురు. దారిలో కలరాకును, మలేరియాకును, ఆకలికిని బలియైనవారు పదివేలకొలది. తాము దారిలో తెల్లవారికొక బాట, నల్లవారికొక బాట అను భేదమును పాటింపబడెను. శరణార్థికిని తరగతులుండెనన్నమాట.

ఈ నడకలో సామాను ఎట్లు తరిగెనో గమనింపదగినది. నగరము విడుచునపుడు జనము మోయగలిగినంతకంటె ఎక్కువ మోసికొని బయలుదేరిరి. కుట్టుమిషనును తలకెత్తుకొనువాడు, టేకు పెట్టెను ఇద్దరుగా మోయువారు ఉందురు. మొదటి మజిలీలో పెద్ద పెట్టె పోవును. కొండ ఎక్కునపుడు పరుపు, అదనపు బట్టలు పోవును. ఆ పిమ్మట విలువ తలక్రిందులగును. ఇంటివద్ద పది రూపాయలైన చేయని మరచెంబు ప్రాణముతో సమానము; నీటిని మోయునది గనుక. లక్కపూత గిన్నెలు, దేవుని పటముల అద్దములు బాటప్రక్కన మిగులును. బంగారము బరువు తక్కువ గనుక కొంగున నిలుచును. అయితే అదియే బియ్యమునకును పడవకూలికిని ముక్కముక్కగ కరిగిపోవును. చివరకు పిల్లను మోయవలెనా, మూటను మోయవలెనా అను ఘట్టము వచ్చినచోట మూటను విడిచినవారికి దానినిగూర్చి చింత లేదు. ముందు పెట్టెను విడిచినవారికే చింత. ఆ పెట్టె నింకను కొంతదూరము మోసియుండవచ్చునేమో అను తలపు వారిని జీవితాంతము విడువదు.

స్వగ్రామములకు చేరువారి కిచ్చటను శాంతి లేదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్నముమీదను, కాకినాడమీదను బాంబులు వేసినవి. రంగూను విడిచి పరుగెత్తివచ్చిన కళ్లయెదుట తీరప్రాంతపు జనము లోపలి ఊళ్లకు పరుగెత్తసాగిరి.

పోగొట్టుకొనుట వేరు, విడిచిపెట్టుట వేరు. పోగొట్టుకొనుట ఒక రాత్రిలో జరిగినది. విడిచిపెట్టుటకు కొందరికి నలువదియేండ్లు పట్టినది. ఇంటికి తాళము వేసి వచ్చినవాడు తాళపుచెవిని పారవేయడు. ఏడేండ్లు వార్త తెలియని మనిషి చనిపోయినట్లు భావింపవచ్చునని 1872 నాటి సాక్ష్యచట్టము చెప్పినది. దానికి బదులుగ 2024లో అమలులోనికి వచ్చిన చట్టమును అదే గడువు నుంచినది. తాళము వేసిన ఇంటికి, పెట్టెకు, మేస్త్రీవద్ద నిలిచిన జీతమునకు అట్టి గడువు ఏ చట్టమును చెప్పలేదు. అందుచేత అన్నదమ్ములు భూమి పంచుకొనునపుడు ‘రంగూను సొమ్ము’ అను పద్దు ఒకటి నోటిమాటగ మిగిలిపోవును. అది వచ్చిన సమముగ పంచుకొందమని ఒప్పందము. రాదని అందరికిని తెలియును. రాదని పైకి అనువాడు మాత్రము లేడు. అన్నచో తండ్రి కష్టమును కొట్టివేసినట్లగును.

యుద్ధము ముగిసిన పిదప ఆశకు కొంత ఆధారము లేకపోలేదు. తిరిగి వెళ్లినవారును కలరు. అయితే 1947లో బర్మా ప్రభుత్వము వలసలకు అనుమతిపత్రము కావలెనని చట్టము చేసెను. 1948 జనవరి 4న ఆ దేశము స్వతంత్రమైనది. యుద్ధకాలమున అక్కడనే నిలిచి, జపానువారు అచ్చువేసిన రూపాయి నోట్లను కూడబెట్టినవారికి 1945లో ఆ నోట్లు ఉత్త కాగితములైనవి. 1962లో సైనికపాలన వచ్చినది. 1964లో దుకాణములు జాతీయము చేయబడెను. ఆ మే మాసములోనే ఏబది, నూరు క్యాటుల నోట్లు రద్దయ్యెను. లక్షకు మించిన భారతీయులు ఓడలమీద తిరిగివచ్చిరి. వారిలో 1942లో ఒకసారి నడచివచ్చి, మరల పోయి, రెండవసారి చేతులు దులుపుకొని వచ్చినవారు గలరు. విశాఖపట్నములో ‘బర్మా క్యాంపు’ అను పేట పేరు ఆ రాకను నేటికిని తెలుపుచున్నది.

ఇతర దేశములలో దీనికొక మార్గము వెదకిరి. రెండవ ప్రపంచయుద్ధానంతరము తూర్పు ప్రాంతములనుండి కోటికి మించిన జర్మనులు వెడలగొట్టబడిరి. పశ్చిమ జర్మనీ 1952లో భారమును సమముగ పంచుకొను చట్టమొకటి చేసినది. ఆస్తి మిగిలినవారు దానిలో సగమువిలువను ముప్పదియేండ్ల వాయిదాలలో చెల్లింపవలెను. ఆ ధనముతో పోగొట్టుకొన్నవారికి పరిహారము. ఇల్లు, పొలమేగాక వంటపాత్రలు, మంచములుగల గృహసామగ్రికిని అందులో లెక్క కలదు. పూర్తి పరిహారము ఎవరికిని రాలేదు, ఆ ఊరు తిరిగిరాలేదు. అయినను నీ ఇంట ఇది ఉండినదని ప్రభుత్వము ఒప్పుకొన్నది. ఆ ఒప్పుకోలు పైకముకంటె తక్కువది కాదు. దానితో కుటుంబము తన పద్దును మూసివేయగలదు. బర్మానుండి వచ్చిన వారిలోనైనను చెట్టియార్ల వంటి వడ్డీవ్యాపారులకు దస్తావేజులు, పుస్తకములు ఉండెను. బస్తాలు మోసిన కూలికి, ‘నా పెట్టెలో ఇవి యుండెను’ అని నిరూపించు కాగితమెక్కడిది? అందుచేత వాని నష్టము వాని నోటితోనే నిలిచి, వానితోనే పోయెను.

విడిచిపెట్టుమని ముసలివారిని తొందరచేయుట న్యాయము కాదు. తాళపుచెవి దాచుకొన్న అవ్వను చూచి నవ్వు మనుమలు, ఆమె దాచినది ఇనుము కాదని గ్రహింపరు. కాని ఆమె పోయిన మరునాడు దానిని పాతసామాను వానికి వేయుట మరింత అన్యాయము. ఈ నడుమ పలుచోట్ల జరుగుచున్న దిదియే. కొత్త ఇల్లు కట్టునపుడు అటకమీది రేకు పెట్టె దిగును. అందులోని ఓడ టిక్కెట్టు, మనియార్డరు రసీదు, ఫోటో, జపాను నోటు చెత్తతో కలిసిపోవును. వస్తువులను కాదు, వాని కథను ఎవరికైనను అప్పగించిన తరువాత విడుచుట సులభమగుచున్నది. ‘ఇది వినువాడొకడు దొరకెను’ అనుకొన్నవాడు ఆ పిమ్మట పెట్టెను మంచము క్రిందినుండి తీసి ఇచ్చివేయుట వింతగాదు.

గ్రంథాలయమున ఇందుకు వేరొక గది అక్కరలేదు. ఒక గట్టి అట్టల పుస్తకము, ఒక బీరువా అర చాలును. ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క పుట: ఎవరు వెళ్లిరి, ఏ యేట, ఏ రేవున ఓడ ఎక్కిరి, ఏ మిల్లులో పనిచేసిరి, ఏ దారిని తిరిగివచ్చిరి, దారిలో ఎవరిని కోల్పోయిరి, అటుపిమ్మట ఏ ఏ వస్తువులను ఎక్కడెక్కడ విడిచిరి. బిందెయని తెలిసిన బిందె, మూడు నెలల జీతమని తెలిసిన మూడు నెలల జీతము. మేస్త్రీల పేర్లు మాత్రము వ్రాయ పనిలేదు. వారి మనుమలును ఈ ఊళ్లలోనే ఉన్నారు. వ్రాయుటకు చదువుకొన్న పిల్లలు వత్తురు. చెప్పువారు చదువుకొనియుండ నక్కరలేదు. అసలు కాగితమును ఇయ్య నిష్టములేనివారు దానిని తెచ్చి చూపి, నకలు వ్రాసికొన్న వెంటనే మరల తీసికొనిపోవచ్చును.