డేట్ వీకెండ్‌లో పడిందా? ఎస్‌క్యూఎల్‌లో చెక్ చేయడం ఎలా

ఈ ఎపిసోడ్ తునిలో మా ఇంటి నుంచే రికార్డ్ చేస్తున్నాను. మధ్యలో రైలు హారన్ వినిపిస్తే ఏమీ అనుకోకండి.

టాపిక్ చిన్నదే. టేబుల్‌లో ఒక డేట్ ఉంది, అది వీకెండ్‌లో పడిందో లేదో క్వెరీలో ఎలా చెక్ చేయాలి? ఇంటర్వ్యూల్లో కూడా అడుగుతారు. రెండు నిమిషాల్లో చెప్పేయొచ్చు గానీ, దీనితో నేను ఒకసారి గట్టిగా దెబ్బతిన్నాను. అందుకే కొంచెం ఎక్కువసేపు మాట్లాడతా.

నా మొదటి జాబ్‌లో ఒక ఫైనాన్స్ కంపెనీకి లోన్ సాఫ్ట్‌వేర్ చేశాం. రూల్ ఏంటంటే, వాయిదా శనివారం గానీ ఆదివారం గానీ పడితే సోమవారం కట్టినా ఫైన్ ఉండకూడదు. ఆ క్వెరీ రాసింది నేనే. డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్. అందులో డేట్‌పార్ట్ ఫంక్షన్‌కి వీక్‌డే అని ఇస్తే ఒక నంబర్ వస్తుంది. నా సిస్టమ్‌లో ఆదివారానికి 1, శనివారానికి 7 వచ్చాయి. సో, 1 గానీ 7 గానీ అయితే వీకెండ్ అని రాసేశాను. టెస్టింగ్ పాస్ అయింది, లైవ్‌లోకి వెళ్లిపోయింది.

రెండు నెలల తర్వాత సెలవుకి ఇంటికొచ్చాను. మామిడికాయల వ్యాపారం చేసే మా నాన్నగారి ఫ్రెండ్ ఒకాయన ఫోన్ తెచ్చి చూపించారు. "నువ్వు కంప్యూటర్ పనే కదా బాబూ చేసేది. శనివారం బ్యాంకు లేదు, సోమవారం పొద్దున్నే కట్టేసేను. మరి ఈ 250 ఎందుకేసేరంటావ్?" మెసేజ్ చూస్తే మా క్లయింట్ పేరే ఉంది. ఆ ఫైన్ వేసింది నా క్వెరీయే అని చెప్పడానికి ఆ రోజు నాకు నోరు రాలేదండి.

ఏం జరిగిందంటే, ఆ నంబర్ డేట్‌ఫస్ట్ అనే సెట్టింగ్ మీద ఆధారపడుతుంది. లాగిన్ భాష అమెరికన్ ఇంగ్లిష్ అయితే వారం ఆదివారంతో మొదలు. బ్రిటిష్ ఇంగ్లిష్ అయితే సోమవారంతో మొదలు. లైవ్ సర్వర్‌లో లాగిన్ బ్రిటిష్. అంటే అక్కడ 1 సోమవారం, 6 శనివారం, 7 ఆదివారం. నా క్వెరీ శనివారాన్ని వదిలేసి సోమవారాన్ని సెలవు చేసేసింది! ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు.

దీనికి మందు ఉంది. వచ్చిన నంబర్‌కి డేట్‌ఫస్ట్ విలువ కలిపి 7 తో భాగించి శేషం చూడండి. శనివారానికి ఎప్పుడూ 0, ఆదివారానికి ఎప్పుడూ 1. అమెరికన్ సెట్టింగ్‌లో శనివారం 7 ప్లస్ 7, పద్నాలుగు, శేషం సున్నా. బ్రిటిష్‌లో 6 ప్లస్ 1, ఏడు, మళ్లీ సున్నానే. డేట్‌నేమ్‌తో 'శాటర్‌డే' అనే మాటని పోల్చడం మాత్రం వద్దు, భాష మారితే ఆ మాటే మారిపోతుంది.

వేరే డేటాబేస్‌లు గబగబా చెప్పేస్తా. మైఎస్‌క్యూఎల్‌లో డే ఆఫ్ వీక్ వాడితే ఆదివారం 1, శనివారం 7. అందులోనే వీక్‌డే వాడితే సోమవారం 0, శని ఆదివారాలు 5, 6. ఒకే డేటాబేస్, రెండు లెక్కలు, చూడండి! పోస్ట్‌గ్రెస్‌లో ఐఎస్ఓ డౌ వాడండి, శనివారం 6, ఆదివారం 7. ఒరాకిల్‌లో ఈ నంబర్ టెరిటరీ సెట్టింగ్‌ని బట్టి మారుతుంది, జాగ్రత్త.

ఇంకో గొయ్యి టైమ్‌జోన్. మీ టేబుల్‌లో టైమ్ యూటీసీలో ఉంటే, మనకి శనివారం తెల్లవారుజామున 5:30 దాకా అక్కడ శుక్రవారమే. ముందు మన టైమ్‌లోకి మార్చి, తర్వాత వారం అడగండి.

సరే, క్వెరీ సరిచేశాం, క్లయింట్‌తో మాట్లాడి ఫైన్లు వెనక్కి వేయించాం. అప్పుడు మా మేనేజర్ అడిగారు: "అసలు శనివారాలన్నీ బ్యాంకు సెలవేనా?" కాదు కదండీ. 2015 సెప్టెంబర్ 1 నుంచి మన బ్యాంకులకి రెండో, నాలుగో శనివారాలే సెలవు. క్వెరీలో ఇది ఈజీ: శనివారం అయ్యుండి, తేదీ 8 నుంచి 14 మధ్య ఉంటే రెండోది, 22 నుంచి 28 మధ్య ఉంటే నాలుగోది. 2026 ఆగస్టు చూడండి. 8, 22 సెలవు. 29 ఐదో శనివారం, బ్యాంకు ఉంటుంది. 15 మూడో శనివారం, ఈ లెక్క ప్రకారం పనిదినం. కానీ ఆ రోజు జెండా పండగ!

అందుకే నేను ఇప్పుడు ఫంక్షన్‌లు నమ్ముకోవడం మానేసి క్యాలెండర్ టేబుల్ పెడతాను. రోజుకి ఒక రో, పదేళ్లకి 3,650 పైచిలుకు. తేదీ, వారం, సెలవా కాదా, ఎందుకు సెలవు. దాంతో జాయిన్ చేస్తే చాలు. పెద్ద టేబుల్‌లో డేట్ కాలమ్ మీద ఫంక్షన్ వేస్తే ఇండెక్స్ సరిగా వాడుకోదు, ఆ బాధ కూడా తగ్గుతుంది.

ఆ టేబుల్‌లో ఎవరి సెలవు అనే కాలమ్ కూడా పెట్టండి. మన గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లినవాళ్లు చాలామంది. అక్కడ వీకెండ్ శుక్ర, శనివారాలు. యూఏఈలో ప్రభుత్వ ఆఫీసులకి 2022 జనవరిలో శని, ఆదివారాలకి మార్చేశారు. 2021 డేటా మీద ఈ రోజు రూల్ వేస్తే రిపోర్ట్ తప్పే. మన దగ్గరే చూడండి, ఆటో డెబిట్ నడిచే నాచ్ సిస్టమ్ 2021 ఆగస్టు 1 నుంచి సెలవు రోజుల్లో కూడా పనిచేస్తోంది. కౌంటర్‌లో కట్టేవాళ్లకి మాత్రం సెలవు సెలవే.

ఆ పెద్దాయనకి 250 వెనక్కి పడ్డాక అసలు విషయం చెప్పేశాను. "నువ్వేనా ఏసింది!" అని ఒకటే నవ్వు. ఇప్పటికీ కనిపిస్తే "ఇవాళ ఏ వారం బాబూ?" అని అడుగుతారు.

క్యాలెండర్ టేబుల్‌ని ఒకే క్వెరీతో నింపడం నెక్స్ట్ ఎపిసోడ్‌లో చూద్దాం. ఈలోపు మీ సర్వర్‌లో డేట్‌ఫస్ట్ ఎంతుందో చూసి కామెంట్‌లో పెట్టండి. ఉంటానండి.