హెడ్ మార్చాక నీరు కారితే



వినగడప నుంచి తిరువూరుకు, అక్కడి నుంచి విజయవాడకు లారీలు తిరుగుతుంటాయి. ధాన్యం, పత్తి, మామిడికాయలు మోస్తుంటాయి. ఆ లారీల మీద ఓనరు, డ్రైవరు, క్లీనరు, హమాలీ బతుకుతారు. బండి ఒక రోజు ఆగితే ఇన్ని ఇళ్లకు రాబడి ఆగుతుంది.

ఒక లారీకి సిలిండర్ హెడ్ మార్చారనుకోండి. కొత్త గాస్కెట్ కూడా వేశారు. తెల్లారి చూస్తే బండి కింద నీటి మడుగు! ఓనరు ఏమంటాడు? "మెకానిక్ సరిగా బిగించలేదు" అంటాడు. మెకానిక్ ఏమంటాడు? "డ్రైవరు నీళ్లు చూసుకోకుండా తోలాడు" అంటాడు. డ్రైవరు తల దించుకుని నిలబడతాడు. చివరికి అందరూ కలిసి "హెడ్ మళ్ళీ ఊడదీద్దాం" అంటారు.

ఆగండి! నీరు ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా హెడ్ ఊడదీయకండి. ఊడదీస్తే గాస్కెట్ మళ్ళీ కొనాలి. కూలి మళ్ళీ ఇవ్వాలి. తప్పు హెడ్‌లో లేకపోతే, ఇంత ఖర్చు పెట్టినా నీరు కారుతూనే ఉంటుంది.

హెడ్ చేసే పని ఏమిటి?

డీజిల్ అనేది ఒక మనిషి పేరు. జర్మనీ దేశంలో రుడాల్ఫ్ డీజిల్ అనే ఆయన 1897లో ఈ రకం ఇంజనును నడిపి చూపించాడు. ఇందులో నిప్పురవ్వ అక్కర్లేదు. గాలిని గట్టిగా నొక్కితే అది బాగా వేడెక్కుతుంది. అందులోకి డీజిల్ చిమ్మితే దానంతటదే మండుతుంది. ఆ మంటను పైనుంచి మూసి ఉంచేదే హెడ్. హెడ్‌కూ కింది బ్లాకుకూ మధ్య పలచని గాస్కెట్ ఉంటుంది. మంట, నీరు, ఆయిల్ ఒకదానితో ఒకటి కలవకుండా కాపాడేది అదే.

ముందు బయట చూడండి

ఇంజను వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయకండి. లోపల నీరు ఒత్తిడిలో ఉంటుంది. మూత తీస్తే సలసల కాగే నీరు మొహం మీదికి చిమ్ముతుంది. వేడి ఇంజనులో చన్నీళ్లు కూడా పోయకండి. హెడ్ పగలవచ్చు.

ఇంజను చల్లారాక గుడ్డతో శుభ్రంగా తుడవండి. బండి కింద పాత పేపరు పరవండి. బొట్టు పడిన చోటు నుంచి పైకి చూస్తూ వెళ్లండి. తడి ఎక్కడ మొదలైందో అక్కడే తప్పు ఉంటుంది. ఫ్యాను గాలికి నీరు వెనక్కి కూడా కొట్టుకుపోతుంది. కాబట్టి తడిసిన ప్రతి చోటూ లీకు కాదు.

హెడ్ తీసేటప్పుడు హోస్ పైపులు, క్లిప్పులు, థర్మోస్టాట్ మూత కూడా ఊడదీస్తారు. మళ్ళీ బిగించేటప్పుడు పాత పైపు పగిలి ఉండవచ్చు. క్లిప్పు వదులుగా ఉండవచ్చు. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది. అందులోంచి నీరు కారుతుంటే పంపు సీలు పోయినట్టే. ఇవి తక్కువ ఖర్చుతో బాగయ్యే పనులు.

అయినా తెలియకపోతే మెకానిక్‌ను ప్రెషరు పరీక్ష చెయ్యమనండి. చల్లని ఇంజనుకు రేడియేటర్ మూత చోట చేతి పంపు బిగిస్తారు. మూత మీద ఉన్న అంకె వరకే గాలి కొడతారు. మీటరు ముల్లు పడిపోతే ఎక్కడో లీకు ఉంది.

లోపలి లీకు గుర్తులు

నేల పొడిగా ఉన్నా నీరు తగ్గుతుంటే లోపల లీకు ఉండవచ్చు. ఈ గుర్తులు చూడండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులోకి మారుతుంది. ఇంజను వేడెక్కాక కూడా సైలెన్సరు నుంచి తెల్లటి పొగ ఆగదు. రేడియేటర్‌లో బుడగలు వస్తూనే ఉంటాయి. కొత్తగా నీరు పోశాక లోపల మిగిలిన గాలి వల్ల కొన్ని బుడగలు రావడం మామూలే. అవి కాసేపటికి ఆగుతాయి. ఆగకుండా, ఎక్సిలేటర్ తొక్కినకొద్దీ పెరిగితే మంట వైపు నుంచి గాలి వస్తోందన్నమాట.

ఈ గుర్తులు ఉంటే బండి తోలకండి. ఆయిల్‌లో నీరు కలిస్తే బేరింగులు అరిగిపోతాయి. సిలిండర్‌లో నీరు నిండితే ఇంకా ప్రమాదం. గాలిని నొక్కవచ్చు గానీ నీటిని నొక్కలేం. అప్పుడు కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. గాస్కెట్‌తో పోయే ఖర్చు ఇంజను దాకా వస్తుంది.

లీకు ఆగాలని కొందరు రేడియేటర్‌లో పసుపు పోస్తారు. అది సన్న గొట్టాల్లో పేరుకుపోతే ఇంజను మరింత వేడెక్కుతుంది. అది మరమ్మతు కాదు.

హెడ్ తీయక తప్పకపోతే

హెడ్డూ బ్లాకూ సమతలంగా ఉన్నాయో లేదో స్కేలు పెట్టి చూడాలి. హెడ్‌లో చీలిక ఉందేమో పరీక్ష చేయించాలి. విజయవాడ ఆటోనగర్‌లో ఇలాంటి పనులు చేసే షాపులు ఉన్నాయి. బోల్టు రంధ్రాల్లో నీరు, ఆయిల్ మిగలకూడదు. మిగిలితే బోల్టు బిగిసినట్టే అనిపిస్తుంది గానీ హెడ్ బిగవదు. గాస్కెట్ మీద 'టాప్' అని రాసి ఉంటే ఆ వైపు పైకి ఉండాలి.

కంపెనీ పుస్తకంలో బోల్టులకు వరుస నంబర్లు ఉంటాయి. మామూలుగా మధ్య నుంచి బయటికి, రెండు మూడు విడతల్లో బిగించాలి. ఎంత బిగించాలో కూడా అంకె ఉంటుంది. పానాకు పైపు తొడిగి బలం కొద్దీ బిగించకూడదు. టార్క్ రెంచితో ఆ అంకెకే బిగించాలి. కొన్ని ఇంజన్లకు వేడెక్కాక మళ్ళీ బిగించాలి. కొన్నింటికి బిగించకూడదు. అది కూడా పుస్తకమే చెబుతుంది.

రాసి పెట్టుకోండి

లారీలో ఒక చిన్న నోటు పుస్తకం ఉంచండి. హెడ్ మార్చిన తేదీ, కిలోమీటర్లు రాయండి. ఏ రోజు ఎన్ని లీటర్ల నీరు పోశారో రాయండి. 'సోమవారం 1 లీటరు, మంగళవారం 2 లీటర్లు, నేల పొడి' అని రాసి ఉంటే మెకానిక్‌కు సగం సంగతి తెలిసిపోతుంది. డ్రైవరు నీళ్లు చూసుకోలేదని ఎవరూ అనలేరు. మెకానిక్ కూడా బిగించిన అంకె అందులో రాస్తే, ఆయన మీద ఉత్త నింద పడదు.

చదువు వచ్చినవాళ్లకు గాస్కెట్ మీది అక్షరం, మూత మీది అంకె దారి చూపిస్తాయి. ముందు లీకు వెతకండి. తర్వాతే పానా పట్టండి.