బుస్సీకి రాసిచ్చిన భూమి

 

ఎదురుగా కొండ మీద కోట కనిపిస్తుంటే మనకు రాజుల కథలే గుర్తొస్తాయి. ఈ రోజు నేను ఒక ఫ్రెంచి సేనాని కథ చెప్తా. పేరు బుస్సీ. 1751లో నిజాం ముజఫర్ జంగ్ వెంట పుదుచ్చేరి నుంచి సైన్యంతో బయల్దేరాడు. మన వెలిగొండలకు అవతల, రాయచోటి దగ్గర నిజాం హతమైపోయాడు. బుస్సీ అక్కడికక్కడే సలాబత్ జంగ్‌ను గద్దె మీద కూర్చోబెట్టి ముందుకు పోయాడు. ఇంక కొత్త నిజాంకు ఈయన లేకుండా గడవదు.

సైన్యమంటే జీతాలియ్యాలి గదా. బాకీలు పడ్డాయి. 1753లో నిజాం ఏం చేశాడో తెలుసా? సైన్యం ఖర్చు కింద కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం, నాలుగు సర్కార్లనూ ఫ్రెంచి వాళ్లకు రాసిచ్చేశాడు. ఆ కాగితంలో మన్యం కొండలు కూడా కలిసిపోయాయి. కోయలను అడగలా, సవరలను అడగలా, కొండదొరలను అడగలా. ఎవరి బాకీ, ఎవరి భూమి?

ఇది మన దగ్గరే కాదు. 1749లో సెలొరాన్ అనే ఇంకో ఫ్రెంచి అధికారి అమెరికాలో ఒహాయో నది మీద పడవల్లో పోతూ, ఈ నేల మా రాజుదని చెక్కిన సీసపు పలకలు ఒడ్డున పాతుకుంటూ పోయాడు. అక్కడుండే షానీ, మయామీ జనం చదవడానికి కాదు, పోటీకొచ్చే ఇంగ్లీషు వాడికి చూపించడానికి. తర్వాత 1798లో ఒక పలక ఏట్లో ఈతకొట్టే పిల్లలకు దొరికింది. వాళ్లు దాంట్లో కొంత కరిగించి తుపాకీ గుండ్లు చేసుకున్నారు!

బుస్సీ దగ్గరికే వద్దాం. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద పడ్డాడు. విజయనగరం రాజు పక్కనే ఉన్నాడు. తాండ్ర పాపారాయుడి కథ బుర్రకథల్లో విన్నాం, సినిమాలో చూశాం. రంగారావు జమీందారే, మనోడేం కాదు. కానీ యుద్ధానికి ముందు ఆయన ముందు పెట్టిన బేరం చూడండి: బొబ్బిలి వదిలేసి పో, దూరంగా ఇంకోచోట ఇంతకంటే ఎక్కువ భూమి ఇస్తాం. ఆయన ఒప్పుకోలా. కోట కాలిపోయింది, ఆడవాళ్లు, పిల్లలు కూడా చచ్చిపోయారు. సోమశిల నీళ్లలో ఊళ్లు పోయినోళ్లకు ఈ బేరం గురించి నేను వివరించి చెప్పక్కర్లేదు.

1760లో వందవాసి దగ్గర బుస్సీ ఇంగ్లీషు వాళ్లకు దొరికిపోయాడు. కాగితం మాత్రం ఆగలేదు. 1766లో అవే సర్కార్లను నిజాం ఇంగ్లీషు వాళ్లకు రాసిచ్చాడు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. తేనెకూ గడ్డలకూ తిరిగిన అడవి రిజర్వు అయిపోయింది, మనం దొంగలమైపోయాం.

ఇప్పుడు 2006 చట్టం ఉంది. 2005 డిసెంబరు 13 నాటికి అడవి భూమి మన సాగులో ఉంటే, 4 హెక్టార్ల దాకా హక్కు అడగొచ్చు. కాగితం లేదని భయపడొద్దు. పెద్దలు చెప్పిన మాటను రాసిపెడితే అది కూడా సాక్ష్యమే అని నిబంధనల్లోనే ఉంది. మా తాతకు ప్రతి వాగు పేరూ తెలుసు, సంతకం మాత్రం రాదు. ఈ రాత్రి ఇంటికి పోగానే మీ పెద్దోళ్ల పక్కన కూర్చోండి. ఏ వాగు దాకా పోయేవాళ్లు, ఏ చెట్టు కింద వండుకునేవాళ్లు, అడిగి నోటుపుస్తకంలో రాసుకోండి. వచ్చే ఆదివారం ఆ పుస్తకాలు తీసుకుని ఇక్కడికే రండి.