గడువు తేదీ ఒకరోజు వెనక్కి ఎందుకు జరుగుతుంది?

ఢిల్లీ ఐఐటీకి చేరువలోని కటవారియా సరాయ్‌లో గేట్, ఇంజనీరింగ్ సర్వీసుల శిక్షణకు వచ్చిన మన తెలుగువారూ అద్దె గదుల్లో ఉంటారు. అద్దె, మెస్, కోచింగ్ ఫీజు: గడువులు మూడు, ఇంటినుంచి వచ్చే డబ్బు ఒక్కటే. అందుకే జమాఖర్చుల సాఫ్ట్‌వేర్‌లోని గడువులను ఈమెయిల్ ప్రోగ్రాం క్యాలెండర్‌కు కలుపుకోవడం మంచిది.

జనవరి 1న కట్టవలసిన అద్దె క్యాలెండర్‌లో డిసెంబర్ 31 ఉదయం 10:30కి కనిపించిందనుకోండి. సాఫ్ట్‌వేర్ ఆ గడువును రోజుగా కాక, జనవరి 1 మొదలయ్యే అర్ధరాత్రి క్షణంగా పంపిందన్నమాట. మన కాలమానం అంతర్జాతీయ సమయానికి ఐదున్నర గంటలు ముందు. కనుక ఫైలులో అది డిసెంబర్ 31, 18:30 అయింది. కంప్యూటర్ టైమ్‌జోన్ అమెరికా పసిఫిక్ తీరానిదైతే మరో 8 గంటలు తగ్గుతుంది. గడియారం సరిగానే ఉందే అంటారు. గంటలు చేత్తో దిద్దితే జోన్ మారదు!

ముందుగా టైమ్‌జోన్ భారతదేశానికి మార్చండి. తర్వాత గడువును 'రోజంతా' అనే రకంగా పెట్టి మళ్ళీ పంపండి.

అప్పుడు ఒకే అద్దె రెండుసార్లు కనిపించవచ్చు. 1998లో వచ్చి, 2009లో సవరించబడిన ఐక్యాలెండర్ ప్రమాణంలో ప్రతి నమోదుకూ యూఐడీ అనే గుర్తింపు ఉంటుంది. అది మారితే పాతది దిద్దబడదు, కొత్తది చేరుతుంది. డబ్బు గడువులకు వేరే క్యాలెండర్ ఉంటే, దాన్ని మొత్తంగా తీసివేసి తిరిగి నింపడం తేలిక. అయితే తీసివేసేముందు సింక్ ఆపండి. రెండువైపులా సింక్ నడుస్తుంటే అసలు పద్దులోని గడువులు కూడా చెరిగిపోగలవు.