బిడ్డ దారి వెతుక్కునే రోజును గైర్హాజరు అనొద్దు

(సత్యవేడు మండల రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగం)



గిట్టుబాటు ధర గురించి, కరెంటు గురించి, చెరువు నీళ్ల గురించి ఇప్పటిదాకా మాట్లాడుకున్నాం. ఇంకొక్క మాట సంఘం ముందు పెడుతున్నాం. అది మన బిడ్డల బడి హాజరు సంగతి. అది అయ్యవార్లు చూసుకునే పని, రైతు సంఘానికెందుకు అనుకోవద్దు. సేద్యం ఒక్కదాని మీద సంసారం నిలబడని కాలమిది. బిడ్డ ఏ దారిన పోవాలన్నది కూడా రైతు సమస్యే.

సంగతి ఇదీ. పది, ఇంటర్ చదివే బిడ్డ ఒక కాలేజీ చూసి రావాలన్నా, మిలిటరీ సెలక్షన్‌కు పోవాలన్నా ఆ రోజు బడి మానాల్సిందే. రిజిస్టరులో గైర్హాజరు పడుతుంది. సినిమాకు పోయినా, బతుకుదారి వెతుక్కుంటూ పోయినా ఒకటే లెక్క.

హాజరు అంటే మనకు మామూలు విషయం కాదు. ఇంటర్‌లో 75 శాతం ఉండాలి. 60కీ 75కీ మధ్య ఉంటే ఫీజు కట్టించుకుని మన్నిస్తారు. తల్లికి వందనం డబ్బుకూ 75 శాతం షరతే. 2025 జూన్‌లో మొదలైన ఆ పథకం కింద ఏడాదికి బిడ్డకు 15,000 రూపాయలు. అందులో 13,000 తల్లి ఖాతాలో పడుతుంది, 2,000 బడి నిర్వహణకు పోతుంది. పాడి మీద బతికే ఇంటికి ఆ 13,000 చిన్న మొత్తమా?

ఏడాదికి 220 పనిదినాలు అనుకుందాం. 75 శాతమంటే 165. ఇంకా 55 రోజులున్నాయి కదా, రెండు రోజులకు గొడవెందుకు అని కొందరు అడుగుతారు. ఆ 55 ఎట్ల కరిగిపోతాయో మన ఇళ్లలో అందరికీ తెలుసు. కార్తీకం వానలకు వాగు పొంగితే బడికి దారుండదు. జ్వరాలొస్తే వారం పోతుంది. చెనక్కాయ పీకేటప్పుడు కూలీలు దొరక్కపోతే బిడ్డే చేనికొస్తాడు. అన్నీ పోయాక మిగిలేది బొటాబొటి. అప్పుడు కాలేజీ చూసొస్తానంటే తల్లే వద్దంటుంది.

మిలిటరీ సంగతి చూడండి. 2022 జూన్‌లో అగ్నిపథ్ వచ్చింది. 17 ఏళ్ల 6 నెలలు నిండితే అర్హత మొదలవుతుంది. అంటే సరిగ్గా ఇంటర్ చదివే వయసు. ముందు కంప్యూటర్ మీద రాత పరీక్ష. అందులో నెగ్గితే ర్యాలీ: 1.6 కిలోమీటర్ల పరుగు, పత్రాల తనిఖీ, వైద్య పరీక్ష. ర్యాలీ ఎక్కడ పెడితే అక్కడికి పోవాలి. రానూ పోనూ కలిపి రెండు మూడు రోజులు పోతాయి. పైగా ఆ కొలువు నాలుగేళ్లదే. ఒక జట్టులో 25 శాతం మందిని మించి పర్మినెంటు చేయరు. చేరమనీ, వద్దనీ మేము చెప్పడం లేదు. తెలుసుకుని చేరాలంటున్నాం. తెలుసుకోవడానికి ఒక రోజు కావాలి.

ఇక కాలేజీ. ఆవును కొనాలంటే రెండు పూటలా పాలు పిండి చూస్తాం. పళ్లు చూస్తాం, ఈతలు అడుగుతాం. బిడ్డను కాలేజీలో చేర్చేటప్పుడు మాత్రం ఎండాకాలంలో ఇంటికొచ్చిన ఏజెంటు మాట నమ్మి అడ్వాన్సు ఇచ్చేస్తాం. క్లాసు రూము ఎట్లుందో, ల్యాబుందో లేదో, హాస్టల్లో నీళ్లొస్తాయో రావో చూసినవాళ్లు ఎందరు? లక్షలు కట్టే ముందు ఒక పూట చూసి రావద్దా?

శ్రీసిటీకి మన ఊళ్ల భూములు పోయాయి. అక్కడే 2013 నుంచి ట్రిపుల్ ఐటీ నడుస్తోంది. దాని గేటు దాటి లోపలికి పోయిన మన బిడ్డలెందరు? తిరుపతిలో వ్యవసాయ కాలేజీ ఉంది. వ్యవసాయ డిగ్రీ సీట్లలో రైతు బిడ్డలకు వేరే కోటా ఉంది. దానికి భూమి కాగితాలు, పల్లె బడిలో చదివిన సర్టిఫికెట్లు ముందే సిద్ధం చేసుకోవాలి. అక్కడికి పోయి ఒక మాట అడిగితే తెలిసే సంగతులివి. ఆడబిడ్డలకు పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983 నుంచి ఉంది. బిడ్డను ఒంటరిగా పంపడానికి భయపడే తల్లి, అయ్యవారమ్మ వెంట బడి తరఫున పోతుందంటే పంపుతుంది.

ఇది ఎక్కడా లేని కోరిక కాదు. అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలో హైస్కూలు చివరి రెండేళ్లలో, ఏడాదికి రెండు రోజుల వరకు కాలేజీ చూడటానికి పోతే బడి మన్నించవచ్చని చట్టంలోనే ఉంది. 17 ఏళ్లు నిండినవాళ్లు సైన్యంలో చేరే పని మీద పోతే నాలుగు రోజుల వరకు మన్నించవచ్చు. అంత దూరం ఎందుకు, ఆటల పోటీలకు, ఎన్‌సీసీ క్యాంపులకు పోయే బిడ్డలకు మన బడుల్లోనే హాజరు ఇస్తారు. పరుగు పందెం పోటీకి ఇచ్చే హాజరు, ర్యాలీలో పరుగుకు ఎందుకివ్వరు?

సెలవిస్తే బిడ్డలు ఊర్లు తిరుగుతారని అయ్యవార్లు అంటారు. వాళ్ల భయం న్యాయమే. అందుకే షరతులు మేమే చెబుతున్నాం. మా కోరికలు ఇవి:

ఒకటి, పది, ఇంటర్ బిడ్డలకు కాలేజీ చూడటానికి ఏడాదికి రెండు రోజులు హాజరుగా లెక్కించాలి.

రెండు, సైన్యం, పోలీసు సెలక్షన్లకు హాల్ టికెట్ చూపితే పరీక్ష రోజు, ప్రయాణం రోజు రెండూ ఇవ్వాలి.

మూడు, తల్లిదండ్రులు ముందే అర్జీ ఇవ్వాలి, తిరిగొచ్చాక కాలేజీ ఆఫీసు సంతకమో, అడ్మిట్ కార్డో చూపాలి. పోయిన పాఠం బిడ్డే రాసుకోవాలి.

నాలుగు, తల్లికి వందనం లెక్కలో ఈ రోజులను కోయకూడదు.

ఈ నాలుగింటి మీద ప్రతి గ్రామ శాఖ అర్జీ రాసి హెడ్‌మాస్టరుకు, మండల విద్యాధికారికి ఇవ్వాలి. మండలం నుంచి మేము కలెక్టరు ఆఫీసుకు, ఇంటర్ బోర్డుకు పంపుతాం. జవాబు వచ్చేదాకా ఊరికే కూర్చోవద్దు. రెండో శనివారాల్లో బడి లేనప్పుడు ఊరికి పదిమంది బిడ్డలను కూడగట్టండి. వ్యాను బాడుగ సంఘం, తల్లిదండ్రులు కలిసి పెట్టుకుందాం. ఆఫీసులు తెరిచుంటాయో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కుని బయలుదేరదాం.

అర్జీ నమూనా బల్ల మీద పెట్టాం. పోయేటప్పుడు ఊరికొకటి తీసుకుపోండి. సెలవు.