పదివేల రెట్ల ఆకు

ఫార్మసీ పట్టాలు అందుకున్న పిల్లలందరికీ అభినందనలు. భోజనాల వేళ దాటకముందే ముగించమన్నారు కాబట్టి ఒక్క మెసేజ్ గురించే మాట్లాడతాను.

లక్ష్మణఫలం కీమో కన్నా 10,000 రెట్లు బలమైనదట. మీ ఇంటి వాట్సాప్ గ్రూపుకీ వచ్చే ఉంటుంది. ఆ అంకె గాలిలోంచి పుట్టింది కాదు. 1996లో అమెరికా పరిశోధకులు ఆ పండు గింజల్లోంచి ఒక పదార్థాన్ని వేరుచేసి, గాజుపాత్రలో పెంచిన పెద్దపేగు క్యాన్సర్ కణాల మీద వేసి చూశారు. ఆ ఒక్క రకం కణాల మీద అది అడ్రియామైసిన్ అనే కీమో మందు కన్నా 10,000 రెట్లు పనిచేసింది. మెసేజ్‌కి ఎక్కేసరికి గింజ పోయి ఆకు కషాయం వచ్చింది, గాజుపాత్ర పోయి మనిషి వచ్చాడు. అంకె మాత్రం చెక్కుచెదరలేదు! గాజుపాత్రలో కణాలు చావడానికేం, చిక్కటి ఉప్పునీళ్ళు పోసినా చస్తాయి. ఈ పళ్ళూ ఆకుల టీ బాగా వాడే గ్వాడెలూప్ దీవిలో పార్కిన్సన్స్‌ను పోలిన జబ్బుకు వీటితో సంబంధం ఉండొచ్చని 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. దాన్ని ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

చెట్టుమందంటే నాకు చులకన లేదు. పిల్లల రక్త క్యాన్సర్‌కి ఈనాటికీ వాడే విన్‌క్రిస్టిన్ మన పెరటి బిళ్ళగన్నేరు నుంచి వచ్చిందే. శుద్ధిచేసి, మోతాదు తేల్చి, రోగుల మీద పరీక్షించాకే అది మందయింది. ఆకు నూరి తాగితే విషం.

2024 నవంబరులో మాజీ క్రికెటర్ నవజ్యోత్ సింగ్ సిద్ధూ తన భార్య క్యాన్సర్ పసుపు, వేపాకు, నిమ్మరసం లాంటి వాటితో తగ్గిందన్నారు. టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆస్పత్రిలో పనిచేస్తున్న, గతంలో చేసిన 262 మంది వైద్యులు దానికి ఆధారాల్లేవని సంతకాలు పెట్టారు. ఆమెకు ఆపరేషనూ కీమో కూడా జరిగాయి మరి. ఫలానాదానితో తగ్గిందని ఎవరన్నా అంటే, దాంతోపాటు ఇంకేం వాడారని అడగండి.

మా పెద్దమ్మ రొమ్ములో గడ్డ పెట్టుకుని మూడు నెలలు ఆ లక్ష్మణఫలం ఆకు కషాయమే తాగింది. తెలిసిన రోజున ఫోన్లో ఈ ఉపన్యాసమంతా దంచాను, సంవత్సరాలతో సహా. ఓపిగ్గా విని, "అది కాదురా, కీమో పెడితే జుట్టంతా ఊడుతుందటగా. మనవరాలి పెళ్ళి దగ్గరకొచ్చె" అంది. విగ్గు నేనే కొనిపెడతానన్నాను. మర్నాడు పొద్దున్నే ఆస్పత్రికి బయల్దేరింది.