ఫ్రాన్సులో రాజు పోయిండు, మరి దొర బాకీ ఎట్లా పోయింది?

(గ్రామ కార్యకర్తల తరగతిలో చేసిన ప్రసంగం)



ఫ్రెంచి విప్లవం గురించి బడిలో మనకు చెప్పింది రెండే ముక్కలు. 1789 జూలై 14న పారిస్ జనం బాస్టిల్ కోటను పట్టుకున్నారు, 1793 జనవరి 21న పదహారో లూయీ తల నరికారు. ఈ రెంటి నడుమ ఊళ్లల్లో జనం ఏం చేసిన్రో ఎవరూ చెప్పలేదు. నేను ఆ సంగతి చెప్తా.

అక్కడ జనాన్ని మూడు ఎస్టేట్లుగా విడగొట్టారు. మొదట చర్చి గురువులు, తర్వాత ప్రభువులు. ముఖ్యమైన పన్ను వీళ్లకు మాఫీ. బరువంతా మూడో ఎస్టేటు మీదే. పంటలో దొర వాటా దొరకు, చర్చి వాటా చర్చికి, ఉప్పు పన్ను రాజుకు. బాటలెయ్యడానికి వెట్టి. చాలాచోట్ల పిండి పట్టాలంటే దొర మరలోనే, రొట్టె కాల్చాలంటే దొర పొయ్యిలోనే, దానికి రుసుము వేరే. దొర పెంచే పావురాలు చల్లిన విత్తనం తినిపోతుంటే చూస్తూ నిలబడాలి. మన ముసలోళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

1789లో రొట్టె ధర మండిపోయింది. ఆ వేసవిలో జనం గడీల మీదికి పోయిన్రు. ఎన్నోచోట్ల ముందు అడిగింది కాగితాలు. ఎవడు ఎంత కట్టాలో తరతరాలుగా రాసిపెట్టిన దస్తావేజులు బయటికి తెచ్చి తగలబెట్టిన్రు. వాళ్లల్లో చదువొచ్చినోళ్లు తక్కువే. తమను కట్టేసిన తాడేదో మాత్రం తెలుసు. ఆ మంటలకు జడిసి ఆగస్టు 4 రాత్రి సభలో ప్రభువులే లేచి మా హక్కులు వదులుకుంటున్నామన్నారు.

మెలిక తర్వాత పెట్టారు. వెట్టిలాంటివి ఊరికే పోతాయట, భూమి మీద దొరకు కట్టేది మాత్రం డబ్బిచ్చి విడిపించుకోవాలట! 1790 మేలో రేటు కట్టారు: డబ్బు కట్టేవాడు ఏటా కట్టేదానికి 20 రెట్లు, ధాన్యం కొలిచేవాడు 25 రెట్లు. ఏ పేదోడు ఇయ్యగలడు? ఓటూ అంతే. మనుషులంతా సమానమని రాసిన సభే, మూడు రోజుల కూలికి సరిపడా పన్ను కట్టే మగవాడికే ఓటన్నది. 1789 అక్టోబరులో రొట్టె కోసం వెర్సాయి దాకా నడిచి రాజును పారిస్‌కు పట్టుకొచ్చింది ఆడవాళ్లు. వాళ్లకు ఓటు లేదు. స్వేచ్ఛ, సమానత్వం, సోదరత్వం తాను బుద్ధుని దగ్గర నేర్చుకున్నవే గాని ఫ్రెంచి విప్లవం నుంచి తెచ్చుకున్నవి కావని బాబాసాహెబ్ 1954లో రేడియోలో చెప్పిన మాట నాకు ఇక్కడ గుర్తొస్తది.

ఊళ్లు మొండికేసినయి. చాలామంది కట్టలేదు. 1792 ఆగస్టు 10న పారిస్ జనం రాజభవనం మీద పడి రాజును దించారు. సరిగ్గా పదిహేనో రోజున సభ మాట మారింది: దొర అసలు పత్రం చూపిస్తేనే బాకీ అన్నది. పత్రం ఎక్కడిది? ఎన్నో ఊళ్లల్లో అది మూడేండ్ల కిందనే బూడిదైంది. 1793 జూలై 17న నయాపైసా పరిహారం లేకుండా అంతా రద్దు. మిగిలిన కాగితాలు కాల్చమని చట్టమే చెప్పింది.

సముద్రం అవతల, ఫ్రాన్సు ఏలుబడిలోని సెయింట్ డొమింగ్‌లో, అంటే ఇప్పటి హైతీలో, చెరకు తోటల్లో లక్షల మంది నల్ల బానిసలు. వాళ్లు 1791 ఆగస్టులో తిరగబడ్డారు. 1794లో పారిస్ సభ బానిసత్వాన్ని రద్దు చేసింది, 1802లో నెపోలియన్ మళ్లీ తెచ్చాడు. హైతీ జనం అతని సైన్యాన్ని ఓడించి 1804 జనవరి 1న స్వతంత్రం ప్రకటించుకున్నారు. వాళ్ల మెడకు కొత్త కాగితం కట్టారు. 1825లో ఫ్రాన్సు యుద్ధనౌకలు పంపి, పాత తోటల యజమానుల నష్టానికి 15 కోట్ల ఫ్రాంకులు కట్టమన్నది. ఆ బాకీ కోసం చేసిన అప్పులు ఇరవయ్యో శతాబ్దం దాకా తీరలేదు.